నంబరు లేని పట్టీ

రైఫిల్‌కి నంబరుంటుంది. బాయ్‌నెట్‌కి ఇంకో నంబరు, కర్ర బట్ మీద రంగుతో వేసిన బట్ నంబరు వేరే. కోత్‌లో ఉండే పొడుగాటి రిజిస్టర్లో ఇవన్నీ వరసగా పడతాయి. సంతకం పెట్టి తీసుకోవాలి, సంతకం పెట్టి అప్పజెప్పాలి. స్లింగ్‌కి మాత్రం నంబరు లేదు. ఒకటి ఇచ్చాం, ఒకటి వచ్చింది, అంతే దాని లెక్క. రైఫిల్ కనపడకపోతే కంపెనీకి కంపెనీ నిద్ర మానేసి వెతుకుతుంది, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది; స్లింగ్ పోతే దాని ఖరీదు జీతంలోంచి కోసుకుంటే సరిపోయేది. అందుకేనేమో పాత సిపాయిలు ఇద్దరు కలిస్తే ఏ రైఫిల్ ఎప్పుడొచ్చిందో, ఎంత బరువుండేదో, భుజాన్ని ఎంత గట్టిగా తన్నేదో గంటలకొద్దీ చెప్పుకుంటారుగానీ, ఆ రైఫిల్ని ఏళ్ళ తరబడి తమ ఒంటికి వేలాడదీసిన అంగుళంబావు వెడల్పు పట్టీ ఊసెత్తరు. నాకు మాత్రం ఈమధ్య రైఫిల్ కంటే ఆ పట్టీయే ఎక్కువగా గుర్తొస్తోంది.

కోత్ అంటే ఆయుధాలు దాచే గది. నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్లో నేను రంగ్రూటుగా ఉన్నప్పుడు, తెల్లవారకముందే కోత్ ముందు వరసలో నిలబడేవాళ్ళం. ఆ పాత రాతి బ్యారక్సులకి జనరల్ శ్రీనగేశ్ పేరు పెట్టారు. సైన్యానికి అధిపతిగా చేసి, తర్వాత ఆంధ్రప్రదేశ్‌కి గవర్నరుగా వచ్చిన ఆయనే. బయట యూకలిప్టస్ ఆకుల వాసన, మంచు, ముందున్నవాడి అంగోలా షర్టు లోంచి వచ్చే తడి ఉన్ని వాసన. తలుపు తెరవగానే వీటన్నిటినీ తోసేస్తూ లోపలి వాసన వచ్చేది. రైఫిల్ నూనె, బట్ కర్రకి పట్టించిన అవిసె నూనె, నూనె తాగి నల్లబడ్డ చిందీ గుడ్డలు, వాటి మధ్య ఎండకి ఆరీ ఆరని నూలు గుడ్డ వాసన ఒకటి. ఆ చివరిది స్లింగులది. రాకుల్లో రైఫిళ్ళు నిలబడి ఉండేవి, ట్రిగ్గర్ గార్డుల లోంచి పొడుగాటి ఇనప గొలుసు దూర్చి తాళం వేసి. గొలుసు లాగుతున్నప్పుడు గడగడ మోత, ఆ మోత వెంబడే ఒక్కో రైఫిల్ బయటికి రావడం, దాని పట్టీ కాస్త ఆలస్యంగా ఊగుతూ రావడం. ఏ స్లింగ్ కావాలని ఎవరూ అడగలేదు, అడగొచ్చని మాకు తోచనూ లేదు. ఆ పూట ఆ రైఫిల్‌కి ఏది తగిలించి ఉంటే అదే నీది.

డ్రిల్లుకి మాకిచ్చినవి పాత త్రీ నాట్ త్రీలు. బెంగాల్లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారై, మేం పుట్టకముందే ఎవరెవరి భుజాలో మోసిన రైఫిళ్ళు. వాటి స్లింగ్ చూడ్డానికి ఏమంత వస్తువు కాదు. దట్టంగా నేసిన నూలు పట్టీ, రెండు చివర్లా ఇత్తడి బిళ్ళలు. పట్టీ చివరని రైఫిల్‌కున్న ఇనప స్వివెల్ లోంచి దూర్చి, వెనక్కి మడిచి, ఆ ఇత్తడి బిళ్ళ అంచుల్ని పట్టీకే అటూ ఇటూ తగిలిస్తే అదే పట్టుకుని ఉండిపోయేది. బకిలు లేదు, మర లేదు, స్ప్రింగు లేదు. జరిపితే జరుగుతుంది, బరువు పడితే బిగుసుకుంటుంది. ఎవరు ఆలోచించారోగానీ ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేసే వస్తువు నేను సైన్యంలో ఇంకోటి చూడలేదు. కొన్ని పాత పట్టీల ఇత్తడి మీద ఎం.ఇ.కో. అని అరిగిపోయిన అక్షరాలుండేవి, అంటే ఇంగ్లండులోని మిల్స్ ఎక్విప్‌మెంట్ కంపెనీ. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిషు సైనికుల వెబ్ సామాను, అంటే నేసిన పట్టీల సామాను, చాలామటుకు వాళ్ళు నేసిందే. అక్షరాల పక్కన సంవత్సరం కూడా కొట్టేవాళ్ళు, కానీ మా చేతికి వచ్చేసరికి ఇత్తడి తోమే బ్రాసోతో రుద్ది రుద్ది, ఆ అంకెలు కంటికి కనపడక వేలికి మాత్రం తగిలేవి.

స్లింగ్‌కి రెండు కొలతలుండేవి. ఒకటి డ్రిల్లు కొలత, ఒకటి మోత కొలత. డ్రిల్లుకి పట్టీ రైఫిల్‌కి అంటుకుపోయినట్టు బిగించాలి, ఎక్కడా వదులు వేలాడకూడదు. దానికొక కారణం అందం, ఇంకో కారణం చప్పుడు. ‘సలామీ శస్త్ర్’ అనగానే వందమంది అరచేతులు ఒక్కసారి బిగువు పట్టీ మీద, దాని వెనకున్న కర్ర మీద పడితే వచ్చే చప్పుడు పెరేడ్ గ్రౌండ్ అవతలి గుట్టకి తగిలి తిరిగొచ్చేది. పట్టీ వదులుగా ఉన్నవాడిది వేరే చప్పుడు, చప్పగా, అరక్షణం ఆలస్యంగా. డ్రిల్లు నేర్పే ఉస్తాదు చెవికి అది దొరికిపోయేది, అంత గుంపులోనూ ఏ వరసలోంచి వచ్చిందో చెప్పేవాడు. ‘కంధే శస్త్ర్’, ‘బాజూ శస్త్ర్’, మళ్ళీ ‘కంధే శస్త్ర్’. తెలుగువాళ్ళం, తమిళులం, మలయాళీలం, కన్నడిగులం, అందరికీ పరాయిదైన హిందీలో, అందరి చేతుల్లోనూ ఒకటే చప్పుడు రాబట్టేవాళ్ళు. ఆ చప్పుడు కోసం ఎంత రగడా పడ్డామో, ఎన్ని పూటలు రైఫిల్ రెండు చేతులతో తలపైన పట్టుకుని గ్రౌండ్ చుట్టూ పరుగెత్తామో చెప్పబోను. అదంతా అవసరమేనని అప్పుడూ నాకనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

మోత కొలత మాత్రం ఎవడిది వాడిదే. ఉస్తాదులు చెప్పే పద్ధతి ఒకటుండేదిగానీ, నిజంగా కుదిర్చేది ఒళ్ళే. రైఫిల్ కుడి భుజాన వేలాడేసి, బొటనవేలు పట్టీ వెనక్కి దూర్చి, మోచేత్తో బట్‌ని పక్కటెముకలకి అదిమి పట్టి నడవాలి. పట్టీ పొడుగైతే బట్ తుంటి కింద కొట్టుకుంటుంది, పొట్టైతే గొట్టం మెడ పక్కకొచ్చి టోపీని తోస్తుంది. సన్నటి భుజాలవాడికి ఒకలా, నాలాంటి పొట్టివాడికి ఒకలా, వీపున పిట్టూ సంచి ఉంటే ఒకలా, చలికి జెర్సీ మీద కోటు వేస్తే ఇంకోలా. నాలుగు మైళ్ళు నడిచాక ఇత్తడి బిళ్ళ ఒక అరంగుళం జరిపి చూసుకోవడం, పది అడుగులేసి మళ్ళీ జరపడం, కుదిరిందనుకున్న చోట పెన్సిలుతో పట్టీ వెనక సన్నగా గీత పెట్టుకోవడం. చీకట్లో కనపడదు కాబట్టి కొందరు అక్కడ నల్ల దారంతో ఒక కుట్టు వేసుకునేవారు, వేలితో తడిమితే తగిలేలా. ప్రభుత్వ సొత్తు మీద సూది దింపడం తప్పే, అయినా ఏ కోత్ ఎన్సీవో ఆ కుట్టు విప్పించలేదు. రైఫిల్ మారి వేరేవాడి పట్టీ చేతికొచ్చినప్పుడు ఆ గీతలు, ఆ కుట్లు కనపడేవి. ఒక్కో పట్టీ మీద మూడు నాలుగు. ముందు మోసినవాళ్ళ పొడుగులు అవి. పేర్లు లేవు, ఊళ్ళు లేవు, వీడు నాకంటే ఎత్తరి, వీడు నాకంటే పొట్టి అని మాత్రం తెలిసేది.

ఆదివారం స్లింగ్ కడిగే రోజు. బ్యారక్ వెనక కుళాయి దగ్గర సిమెంటు గట్టు మీద పట్టీ పరిచి, సబ్బు రాసి బ్రష్షుతో రుద్దితే చెమట, నూనె, ఎర్రమట్టి కలిసిన గోధుమరంగు నీళ్ళు కారేవి. అది ఆరాక బ్లాంకో, అంటే పట్టీకి రంగు పట్టించే ముద్ద. దాన్ని నీళ్ళలో తడిపి, పాత బ్రష్షుతో ఒకే వైపుకి, నేతలోకి ఇంకేలా రాయాలి. ఎక్కువైతే ఎండి పొడిగా రాలి యూనిఫాం మీద పడుతుంది, తక్కువైతే మచ్చలు మచ్చలుగా కనపడుతుంది. ఆఖర్న ఇత్తడికి బ్రాసో. ఇత్తడి రుద్దేటప్పుడు బ్రాసో పట్టీకి అంటకూడదు, అంటితే తెల్లటి మరక పోదు. అందుకని అట్టముక్కలో బిళ్ళ పట్టేంత సందు కత్తిరించి, బిళ్ళని అందులోంచి పైకి తీసి రుద్దేవాళ్ళం. ఆ అట్టముక్క ఒక్కొక్కడూ తన నల్ల ట్రంకు పెట్టె మూత లోపల దాచుకునేవాడు, ఇంటి ఉత్తరాల పక్కనే. పని జరుగుతున్నంతసేపూ కబుర్లు సాగేవి. ఎవరి చెల్లెలికి సంబంధం కుదిరిందో, ఎవరి పొలం కాలవ కింద మునిగిందో, లంగర్లో ఈ పూట మాంసమా పప్పా. తెలుగులో తనివితీరా మాట్లాడుకునే సమయం మాకు వారానికి అదొక్కటే, చేతుల్లో ఆ పట్టీలుండగానే.

ఇంతా చెప్పి, అది మంచి పట్టీ అని మాత్రం అనలేను. నూలు తడిస్తే కుంచించుకుపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో ఆ కొండల మీద వాన పట్టుకుంటే రోజులకొద్దీ వదిలేది కాదు. తడిసిన స్లింగ్ చెక్కలా బిగిసి, జరపబోతే ఇత్తడి బిళ్ళ కదలక, చలికి మొద్దుబారిన గోళ్ళ కింద చర్మం లేచిపోయేది. ఆరాక అంచులు గరుకుదేలి మెడ దగ్గర కోసేవి. రూట్ మార్చ్ అయిన రాత్రి చొక్కా విప్పితే భుజం ఎముక మీద పట్టీ వెడల్పున ఎర్రటి చాలు కనపడేది, కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాళ్ళం. రాత్రి పహరాలో ఇంకో బాధ. ఇనప స్వివెల్‌కీ ఇత్తడికీ రాపిడైతే సన్నటి టింగుమనే చప్పుడొచ్చేది. పెరేడ్ కోసం అద్దంలా తోమిన ఇత్తడే వెన్నెల్లో మెరిసేది. అందుకని పహరాకి వెళ్ళేముందు ఆ మెరుపుకి గుడ్డ పీలికలు చుట్టి కప్పేవాళ్ళం, మళ్ళీ పెరేడ్‌కి పీలికలు విప్పి తోమేవాళ్ళం. ఒకే వస్తువు చేత రెండు వ్యతిరేకమైన పనులు చేయించడం, ఆ తేడాని సిపాయి తన నిద్రలోంచి పూడ్చుకోవడం, అదీ అప్పటి ఏర్పాటు.

మా పెదనాన్న రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వెళ్ళొచ్చినవాడు. మాది పశ్చిమగోదావరి, మిలిటరీ మాధవరం పేరు వింటూ పెరిగినవాళ్ళం. ఇంటింటికీ ఒక సిపాయి ఉండే ఆ ఊరి గాలి చుట్టుపక్కల పల్లెలకీ సోకింది. ఆయన యుద్ధం గురించి దాదాపు ఏమీ చెప్పేవాడు కాదు. నేను మొదటి సెలవుకొచ్చి భుజం మీది మచ్చ చూపించినప్పుడు మాత్రం, అరుగు మీద కూచుని పొగాకు చుట్టుకుంటూ, ‘అడివిలో మాకు పట్టీ కుళ్ళిపోయేదిరా’ అన్నాడు. వానకి, చెమటకి నూలు పట్టీలు బూజు పట్టి, లాగితే పీచులుగా ఊడొచ్చేవట. తాడు ముక్క కట్టుకుని నడిచారట. జలగలు ఆ తడి మడతల్లో దూరి ఉండేవట. ఆయన అబద్ధం చెప్పలేదని చాలా ఏళ్ళకి పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. తూర్పు అడవుల్లో నూలు సామాను నిలవక, 1944లో బ్రిటిషువాళ్ళు కుళ్ళు పట్టని, తేలికైన వెబ్ సామాను ప్రత్యేకంగా రూపొందించారు. అది ఆయన భుజానికి చేరలేదు. ఆయనకి గుర్తున్నది తాడు ముక్కే.

మోయడం ఒక్కటే కాదు దాని పని. రెండు రైఫిళ్ళు, గ్రౌండ్‌షీటు, స్లింగులు కలిపి దెబ్బ తగిలినవాణ్ణి మోసే డోలీ కట్టడం మాకు నేర్పారు. వాగు దాటేటప్పుడు మూట కట్టడానికి, నిటారు గోడ మీంచి చెయ్యి అందని వాణ్ణి పైకి లాగడానికి, ట్రక్కు వెనక తలుపు కొక్కెం ఊడితే బిగించడానికి, అన్నిటికీ ముందు చెయ్యి పోయేది స్లింగ్ మీదికే. ఫైరింగ్ రేంజిలో పడుకుని కాల్చేటప్పుడు ఎడం చేతి మీదుగా పట్టీని మెలిపెట్టి బిగిస్తే, రైఫిల్ ఒంట్లో భాగమైనట్టు కుదురుకునేది, ఊపిరికి రైఫిల్ మొన ఎంత లేస్తోందో పట్టీ బిగువులోనే తెలిసేది. మా కంపెనీలో మంచి గురిగాడు ఒకడుండేవాడు, గుంటూరువైపు కుర్రాడు. రేంజికి వెళ్ళే ముందురోజు తన స్లింగ్‌ని తడవనిచ్చేవాడు కాదు, బ్లాంకో రాయనిచ్చేవాడు కాదు, దుప్పటి కింద పెట్టుకుని పడుకునేవాడు. బ్లాంకో రాసిన పట్టీ మోచేతి దగ్గర జారుతుందని వాడి వాదన. వాడి గుళ్ళు లక్ష్యం మీద ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయో చూస్తే ఆ వాదన కాదనలేకపోయేవాళ్ళం.

యూనిట్‌కి వెళ్ళాక చేతికొచ్చింది ఎస్సెల్లార్, 7.62. 1962లో చైనా సరిహద్దున మనవాళ్ళు త్రీ నాట్ త్రీలతో పోరాడాక, ఆ దశాబ్దంలోనే ఇషాపూర్‌లో తయారవడం మొదలైన తనంతట తాను గుండు ఎక్కించుకునే రైఫిల్. నాలుగు కిలోల పైచిలుకు, పొడుగు మనిషికే పొడుగనిపించేది. దానికి పైన మోసుకెళ్ళడానికి పిడి ఒకటుండేది, అయినా నడకకి పట్టీయే గతి. ఆ రోజుల్లో పహరా అంటే రైఫిల్ భుజాన ఉండేది. శత్రువు సరిహద్దుకి అవతల ఉండేవాడు, మధ్యలో నడిచే దూరం ఎక్కువ. పట్టీ ఉన్నది ఆ దూరం కోసం.

తొంభైల్లో కాశ్మీర్ వెళ్ళాక ఆ దూరం పోయింది. సందులో, అంగట్లో, ఆపిల్ తోటలో, ఎక్కడైనా ఎదురవ్వొచ్చు. రైఫిల్ భుజాన వేలాడితే దాన్ని దించి చేతికి తెచ్చుకునే రెండు క్షణాలు ఖరీదైపోయాయి. అందుకని అది భుజం దిగి రొమ్ము మీదికి వచ్చింది, రెండు చేతులూ ఎప్పుడూ దాని మీదే. పట్టీ మెడ చుట్టూ అడ్డంగా పడింది. ఇదివరకు మోయడానికి ఉన్నది ఇప్పుడు జారిపోకుండా పట్టి ఉంచడానికి. పైగా బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ వచ్చి మనిషి చుట్టుకొలత మారింది. పాత కొలతలు, పాత గీతలు ఏవీ పనికిరాలేదు. గుంపులో రైఫిల్ లాక్కుపోతారని దాన్ని నడుం బెల్టుకి ఇనప గొలుసుతో కట్టుకోవడం కూడా వచ్చింది. కోత్‌లో రాకులకి వేసే గొలుసు సిపాయి ఒంటి మీదికి రావడం నాకు చాలారోజులు మింగుడుపడలేదు. అంతలో ఇన్సాస్ రైఫిల్ వచ్చింది, కార్గిల్ యుద్ధం నాటికి చాలా బెటాలియన్లలో ఉంది, దాంతోపాటు నైలాన్ పట్టీ. ఉతికితే గంటలో ఆరిపోతుంది. బ్లాంకో అక్కర్లేదు, ఇత్తడి లేదు, బ్రాసో డబ్బా లేదు. భుజం మీద కాస్త జారేది, ఎండకి అంచు చుట్టుకునేది, కాలిన గొట్టానికి తగిలితే కరిగి గట్టి గుండులా తయారయ్యేది. అయినా కుర్రాళ్ళ మెడలు కోసుకుపోలేదు, ఆదివారాలు మిగిలాయి. ఆ మిగిలిన ఆదివారాల్లో మొదట్లో ఏం చెయ్యాలో తోచక కుళాయి దగ్గరికే వెళ్ళి నిలబడేవాళ్ళం.

కడగడం పోయాక గట్టు మీద కబుర్లూ పలచబడ్డాయి. ఎవరూ ఆపలేదు, ఎవరూ గమనించనూ లేదు. చేతికి పని ఉంటే నోరు తెరుచుకునే మనుషులం మేం. ఊరికే కూచుని ‘ఇంట్లో ఎలా ఉంది’ అని అడగడం మా చేత కాలేదు.

పోయిన వేసవిలో మా మేనల్లుడు సెలవుకొచ్చాడు, పదాతిదళంలోనే ఉన్నాడు. వాడి చేతికిచ్చింది సిగ్ 716. 2019లో మన ప్రభుత్వం 72,400 కొనడానికి ఒప్పందం చేసుకుందే, ఆ రైఫిల్. ఫోన్లో వరసగా బొమ్మలు చూపించి, ‘మావయ్యా, వీటిల్లో ఏ స్లింగ్ తీసుకోమంటావు?’ అన్నాడు. సొంత డబ్బులతో కొనుక్కుంటారట, కంటోన్మెంటు దుకాణాల్లో గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయట. ఒకే చోట తగిలించే సింగిల్ పాయింట్, రెండు చోట్ల తగిలించే టూ పాయింట్, మెత్త కుట్టినవి, సాగే రబ్బరు పెట్టినవి, చిటికెలో బిగించి వదిలే లాగుడు తోక ఉన్నవి. నాకు మొదట మాట రాలేదు. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనెవర్నీ అడగలేదు. కానీ వాడు అడిగేసరికి జవాబులన్నీ భుజంలోంచే వచ్చాయి.

‘ఏరా, పరుగెత్తి చూశావా దాంతో?’ అన్నాను సింగిల్ పాయింట్ చూపించి. ఒక్కచోటే తగిలిస్తే చేతులు వదలగానే రైఫిల్ నిలువునా వేలాడి మోకాళ్ళ మధ్య కొట్టుకుంటుంది. బీపెట్ అనే దేహదారుఢ్య పరీక్షలో ఐదు కిలోమీటర్లు పరుగెత్తి, తొమ్మిదడుగుల కందకం దూకి, తాడెక్కే వాడికి అది శత్రువు. బండి దిగి ఇంట్లోకి దూరేవాడికి బావుండొచ్చేమో, కొండెక్కేవాడికి కాదు. టూ పాయింటే తీసుకో, లాగుడు తోక ఉన్నది. వీపు మీదికి తిప్పి బిగిస్తే రెండు చేతులూ తాడుకి ఖాళీ అవుతాయి, లాగితే రొమ్ము మీదికొస్తుంది. సాగే రబ్బరు వద్దు, నడుస్తుంటే రైఫిల్ కిందికీ పైకీ ఊగుతుంది, ఆ ఊపు మెడనరాలకి తెలుస్తుంది. కొన్నాళ్ళకి రబ్బరు పట్టు కూడా వదిలేస్తుంది. మెత్త మరీ మందంగా ఉంటే జాకెట్ కాలరు కిందా పిట్టూ పట్టీ కిందా ఇరుక్కుంటుంది, చెమట నీళ్ళు తాగి బరువెక్కుతుంది. ప్లాస్టిక్ క్లిప్పులు చలిలో ఎలా ఉంటాయో పాతవాళ్ళని అడుగు, పగిలితే రైఫిల్ కింద పడుతుంది. ఇనప కొక్కెమైతే చప్పుడు చూడు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించు, రాత్రిపూట ఆడించు, పగలు వినపడని చప్పుడు రాత్రి వినపడుతుంది. బేరమాడేటప్పుడు కుట్టు చూడు, రంగు కాదు. బరువు పడే చోట అడ్డంగా నిలువుగా పెట్టె కుట్టుందో లేదో తిరగేసి చూడు. కొన్నాక తడిపి, తడి మీద ఒక రోజంతా మోసి చూడు, అప్పుడు గానీ దాని అసలు బుద్ధి బయటపడదు.

వాడు ఫోన్లో రాసుకున్నాడు. తర్వాత, ‘మరి మీ రోజుల్లో ఏది వాడేవారు?’ అన్నాడు. చెప్పడానికి కూర్చుంటే ఇదంతా చెప్పాలి. ‘ఇచ్చింది వాడేవాళ్ళం’ అన్నాను.

ఎంచుకునే హక్కు వాడికి ఉన్నందుకు నాకు సంతోషమే, ఏ మొహమాటం లేకుండా సంతోషమే. మా పెదనాన్న తాడు ముక్క, నా భుజం మీది చాలు వాడికి రాకపోవడమే కావాల్సింది. అందరికీ ఒకటే పట్టీ ఉండటంలో సమానత్వం ఉందని కొందరు మా ఈడువాళ్ళు అంటుంటారు. ఒకే పట్టీ ఆరడుగులవాడి భుజాన్నీ ఐదున్నరవాడి భుజాన్నీ ఒకేలా కోసిందని నేననను. పోయింది వేరే. వాడి స్లింగ్ వాడిదే. వాడు కొన్నాడు, వాడి ఒంటికి సరిచేసుకున్నాడు, బదిలీ అయితే తనతో పట్టుకుపోతాడు, పాడైతే పారేస్తాడు. ఇంకొకడి కుట్టు మీద వాడి వేలు పడదు. తనకంటే ముందు ఈ బరువు మోసినవాడు తనకంటే ఎత్తరో పొట్టో వాడికి తెలిసే దారి లేదు, తన తర్వాతివాడికి వాడి కొలత తెలిసే దారీ లేదు.

నూలు స్లింగులు ఏమయ్యాయంటే, కండెమ్ బోర్డు కూర్చుని పనికిరావని తేల్చినవి కొన్ని గుట్టలుగా వేలం పోయాయి. కంటోన్మెంటు ఊళ్ళలో డిస్పోజల్ సరుకు అమ్మే కొట్లలో కొన్నాళ్ళు పెట్టెలు కట్టుకునే పట్టీలుగా దొరికేవి. ఇత్తడి బిళ్ళలు ముందే కోసేసేవారు, పాత ఇత్తడి ధరకి. త్రీ నాట్ త్రీలు పోలీసుల దగ్గర ఇంకా చాలా ఏళ్ళు బతికాయి. 2008లో ముంబై రైల్వే స్టేషన్లో తీవ్రవాదులకి ఎదురుగా ఉన్న కానిస్టేబుళ్ళ చేతుల్లో ఉన్నవి అవే. ఉత్తరప్రదేశ్ పోలీసులు వాటికి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే పెరేడ్‌లో. నేను చూసిన మ్యూజియాల్లో రైఫిళ్ళున్నాయి, అద్దాల వెనక, కింద సంవత్సరం, తయారైన ఊరు రాసి. చాలావాటికి పట్టీ లేదు. స్వివెల్స్ మాత్రం ఖాళీగా ఉన్నాయి. రైఫిల్ గురించి అక్కడ రాసిందంతా నిజమే, కానీ దాన్ని మనిషి ఎలా మోశాడో ఆ అద్దం వెనక కనపడదు.

మేనల్లుడు మొన్న ఫోన్ చేశాడు. టూ పాయింటే కొన్నాడట, తడిపి మోసి చూశాడట, ఇనప కొక్కెం చప్పుడు చేస్తోందని దానికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగాడట. పెరేడ్‌కి మాత్రం దాన్ని తీసేసి, యూనిట్ ఇచ్చిన నైలాన్ పట్టీయే తగిలించాలని సుబేదారు సాబ్ చెప్పారట. వీడిది కుదిరిందని చూసి సెక్షన్లో ఇంకో ఇద్దరు అదే కొన్నారు, కొలతలు వీడే సరిచేసి ఇచ్చాడట.